రెండు పెన్నులు, నలభై రెండు టిక్కులు

రిటైరైన మనిషిని అనుభవాలు చెప్పమని అడగడం ప్రమాదం. మొదలుపెట్టించడం మీ చేతిలో ఉంటుంది, ఆపించడం ఉండదు. అయినా ఫిజియోథెరపీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికొచ్చి, "సార్, మీరు నయం చేసిన కేసొకటి చెప్పండి" అన్నారు. నయం చేసినవాటి గురించి చెప్పడానికి నాకంత ఉత్సాహం లేదు. వాటిలో సగం వాటంతటవే నయమయ్యాయేమోనన్న అనుమానం ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులోనూ నన్ను వదల్లేదు. చెడగొట్టబోయిన కేసు మాత్రం ఒకటుంది. అందులో నా పాత్ర ఎంతో నాకు బాగా తెలుసు కాబట్టి దాని గురించి ధైర్యంగా చెప్పగలను.

నేను పనిచేసింది ఒడిశాలోని బరంపురంలో, ఒక ఆసుపత్రిలో. జనం నన్ను "డాక్టర్ బాబు" అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాదు బాబూ అని మొదటి ఏడాది అందరికీ ఓపికగా చెప్పుకొచ్చాను. తర్వాత ఓపిక అయిపోయి డాక్టర్నైపోయాను. మా విభాగం కింది అంతస్తులో, వరండా చివర ఉండేది. పొడుగాటి గది, ఆరు మంచాలు, మెడను తాడుతో పైకి లాగే ట్రాక్షన్ ఒకటి, గోడకు బిగించిన భుజం చక్రం ఒకటి. ఆ చక్రం తుప్పు పట్టి, తిప్పేవాళ్ళ కంటే ఎక్కువగా మూలిగేది. కాపడం దీపాలు మూడుండేవి. మూడోది వెలిగేది గానీ వేడెక్కేది కాదు. దాని కింద పడుకున్నవాళ్ళు కూడా హాయిగా ఉందనే లేచేవారు. వాళ్ళ హాయిని చెడగొట్టడం ఎందుకని నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ గదిలో నా సొంత ఘనత అంటూ ఒకటుండేది. వ్యాయామాల చార్టు. ఆరు వారాలు, వారానికి ఏడు గళ్ళు, మొత్తం నలభై రెండు. ఇంటి దగ్గర వ్యాయామం చేసిన రోజున ఆ గడిలో టిక్కు పెట్టాలి. నలభై రెండూ నిండితే తర్వాతి మెట్టు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా, చార్టు పారేసుకున్నా, మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెట్టాలి. ఈ నియమం పెట్టింది నేనే. తనిఖీకి వచ్చిన పైఅధికారులు నిండు చార్టుల కట్ట చూసి తల ఊపేవారు, నేను ఆ ఊపుడుకి ఆర్నెల్లు బతికేవాణ్ణి.

మా ఆయాది పక్కనే ఉన్న చికిటి అనే ఊరు. వయసులో నాకంటే రెండేళ్ళే పెద్ద, నోరు మాత్రం చాలా పెద్ద. వరండాలో స్టూలు మీద కూర్చుని పేషెంట్లను నంబరు పిలిచి లోపలికి పంపేది. ఆమె పక్కన కిటికీ ఊచకు దారంతో రెండు పెన్నులు వేలాడుతుండేవి, ఒకటి నీలం, ఒకటి నలుపు. సంతకాల కోసమనుకున్నాను. ఒకరోజు ఏదో పని మీద బయటికొస్తే నలుగురు పేషెంట్లు బెంచీ మీద వరసగా కూర్చుని, పరీక్షలో గంట కొట్టబోయే ముందు రాసినట్టు చార్టులు నింపుతున్నారు. మూడు టిక్కులు నీలంతో, రెండు నలుపుతో, మళ్ళీ నీలంతో.

"ఒకటే రంగైతే బాబుకి అనుమానం ఒస్తాది. మార్సి మార్సి కొట్టండి," అని ఆయా వాళ్ళకు నేర్పుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

"ఏటిది?" అన్నాను.

"మీకు కాయితం నిండాల, ఆల్లకి నొప్పి తగ్గాల. నొప్పి నా సేతిలో నేదు. కాయితమైతే ఉన్నాది కదా."

నేను లోపలికి వెళ్ళిపోయాను. పెన్నులు అక్కడే ఉన్నాయి, చార్టులు నిండుతూనే ఉన్నాయి. తెలిసీ తెలియనట్టు ఉండడం ఉద్యోగంలో నేను చాలా తొందరగా నేర్చుకున్న విద్య.

పదకొండేళ్ళ కిందట అనుకుంటాను, బడా బజార్ నుంచి ఒకావిడ వచ్చింది. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు వర్తకుల ఇంటి కోడలు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు టోకున అమ్మే దుకాణం వాళ్ళది. వయసు నలభై దాటింది. నడుము నొప్పి, ఎడమ రెక్క కింద నొప్పి, ఆరేళ్ళుగా. కేసు షీటులో వృత్తి అనే గడిలో నేను ఆవిడను అడక్కుండానే "గృహిణి" అని రాసేశాను. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి రోజు వెళ్తూ ఆవిడ గొడుగు మరిచిపోయింది. రెండోసారి టిఫిన్ డబ్బా. మూడోసారి చార్టే మరిచిపోయి వచ్చింది, పైగా మంగళవారం రమ్మంటే బుధవారం వచ్చింది. ఒకసారి తన చెప్పులు మా గుమ్మంలోనే వదిలి, మా ఆయా చెప్పులేసుకుని బడా బజార్ దాకా వెళ్ళిపోయింది. ఆయా తన బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఆవిడ సామాన్లకు కేటాయించింది. నేను చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళు నా వైపే ఉండేవి, బుద్ధిగా తల కూడా ఊపేది, తీరా ఇప్పుడు చెప్పింది చేసి చూపించమంటే "ఏటన్నారు బాబు?" అనేది. కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా ఉండేది కాదు. కాలు మార్చేది, గాజులు తిప్పేది, కొంగు కొస మెలిపెట్టేది.

నాకు అసలు రోగం దొరికిపోయిందనిపించింది. "మీ బాధంతా ఈ కదలడం వల్లేనమ్మా. నిటారుగా, కదలకుండా కూర్చోవడం నేర్చుకోండి" అన్నాను.

"కదలకుండానా బాబు?" అంది. ఆ గొంతులో ఏదో ఉంది. నేను పట్టించుకోలేదు.

"అవును. ఎంత సేపు కదలకుండా ఉంటే అంత మంచిది."

ఆవిడ భర్త నెమ్మదైన మనిషి. సరుకు కొనడానికి ఊళ్ళు తిరుగుతుంటాడు. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, తప్పు చేసినవాడిలా చిన్న గొంతుతో చెప్పాడు. "డాక్టర్ బాబు, ఒక మాట. షాపులో గిరాకీ ఉంటే మాయావిడకి నొప్పి ఉండదు. నలుగురు ఒచ్చినారంటే లేడిపిల్లలాగ ఉంటాది. గిరాకీ అయిపోనాదంటే అబ్బా అంటాది. మా తమ్ముడు నటనంటున్నాడు. మీరేటంటారు?"

నేను నవ్వాను. ఆ నవ్వు నటన అన్నదానికి ఒప్పుదలే. మా గదిలో ఆవిడ కేసుకి "గిరాకీ నొప్పి" అని పేరు పెట్టింది కూడా నేనే. ఇది చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆర్నెల్లు గడిచాయి. చార్టు నాలుగుసార్లు పోయింది. నా నియమం ప్రకారం నాలుగుసార్లూ మొదటి వారానికి పంపేవాణ్ణే. ఆయాకి జాలేసి కొత్త చార్టు తీసి, పెన్నులు ఇచ్చి, ఆ బెంచీ మీదే నింపించి లోపలికి పంపేది. అలా కాగితం మీద ఆవిడ మా విభాగంలోకెల్లా క్రమశిక్షణ గల పేషెంటు అయ్యింది. నొప్పి మాత్రం అంగుళం తగ్గలేదు. మా ఎముకల డాక్టరు స్కాన్ తీయించాడు. నడుములో ఒక డిస్కు కాస్త ఉబ్బి ఉంది, ఆ వయసులో స్కాన్ తీస్తే చాలామందికి కనబడేలాంటిదే. విశాఖపట్నంలో ఒక సర్జన్ ఆపరేషన్ చేస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఆర్నెల్లు సక్రమంగా వ్యాయామం చేయించినా గుణం కనబడలేదని ఫిజియో దగ్గర నుంచి నోటు తేవాలి.

ఒక శుక్రవారం ఆవిడ ఆ నోటు కోసం వచ్చింది. ఆదివారం పొద్దున్న రైలు, సోమవారం ఆసుపత్రిలో చేరడం. నోటుకు చివరి చార్టు జతచేయాలన్నాను. ఆవిడ బెంచీ మీద కూర్చుంది, ఆయా పెన్నులందించింది.

అదే సమయానికి, తలుపుకు ఎదురుగా, ట్రాక్షన్ కింద మా మనసు డాక్టరమ్మ వేలాడుతోంది. అవును, వేలాడుతోందనే అంటాను. మెడ నొప్పికి వారం రోజులుగా నా దగ్గరికి వస్తోంది. గడ్డం కింద పట్టీ, తల పైకి లాగే తాడు, పావుగంట దాకా నోరు తెరవడానికి వీల్లేదు. మానసిక వైద్యురాలిని పావుగంట నోరు మూయించి కూర్చోబెట్టే అవకాశం ఆసుపత్రి మొత్తంలో నాకొక్కడికే ఉండేది. కళ్ళు మూయించడం మాత్రం నా చేతిలో లేకపోయింది.

నేను నోటు రాశాను. "ఆరు నెలలు వ్యాయామాలు క్రమం తప్పకుండా చేశారు. గుణం లేదు." కింద సంతకం, స్టాంపు. ఆవిడ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

పట్టీ విప్పగానే డాక్టరమ్మ మెడ సవరించుకోలేదు. "ఆమె ఎవరు?" అంది. మేం మాట్లాడుకునేది ఒడియాలో. ఆ మాటలు ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

చెప్పాను.

"నలభై రెండు టిక్కులు ఐదు నిమిషాల్లో పెట్టింది. పెడుతూ పక్కావిడకు ఊరగాయ ఎలా పెట్టాలో చెప్పింది, ఫోనులో ఎవరికో సరుకు లెక్క చెప్పింది, మీ ఆయా జుట్టులో చిక్కు తీసింది. మధ్యలో ఆరుసార్లు లేచింది."

"అందరూ అంతేనండి."

"అందరూ అంతే కాదు. టిక్కులు అందరూ అలాగే పెడతారంటారా, అది వేరే సంగతి." నా బల్ల వైపు చూసింది. "నోటులో ఏం రాశారు?"

చెప్పాను. నా గొంతు నాకే బాగాలేదు.

"ఆపరేషన్ ఎప్పుడు?"

"సోమవారం."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, జవాబు చెప్పుకునేవాణ్ణి. "చూపుతో రోగం చెప్పేదాన్ని కాదు నేను. నాతో గంటసేపు మాట్లాడితే తెలుస్తుంది. పిలిపించగలరా?" అంది.

పిలిపించాల్సిన అవసరం రాలేదు. గొడుగు మరిచిపోయిందని ఆవిడే గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మా మాటలు విన్న ఆయా గొడుగు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "గొడుగు తర్వాత. ముందు డాక్టరమ్మ గదిలోకి ఎల్లి కూకోమ్మా" అంది. ఆవిడ మరుపు ఆవిడకు మేలు చేసిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

గంట అనుకున్నది గంటన్నర పట్టింది. సాయంత్రం డాక్టరమ్మ మా గదికి వచ్చి, ఆవిడ చెప్పమంటేనే చెబుతున్నానని ముందే అని, స్టూలు లాక్కుని కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆవిడ ధ్యాస నిలకడగా ఉండదట. బళ్ళో మాస్టార్ల చేత పరధ్యానం పిల్ల అనిపించుకుంది, పెళ్ళయ్యాక అత్తింటివాళ్ళ చేత మతిమరుపు కోడలు అనిపించుకుంది. ఏడీహెచ్‌డీ అంటారే, అల్లరి మగపిల్లలకే వస్తుందని మనమంతా అనుకుంటామే, అదే. నలభై ఏళ్ళు ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

"మరి నడుము నొప్పికీ దానికీ ఏమిటి సంబంధం?" అన్నాను కొంచెం మొండిగానే. నడుము నా ఇలాకా కదా.

"ఇలాంటివాళ్ళలో చాలామందికి తీరని ఒళ్ళు నొప్పులు కూడా ఉంటాయి. ఎందుకన్నది పూర్తిగా తేలలేదు. కండరాన్ని ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో ఆ ఒంటికి సరిగ్గా అందదు, అది ఒకటి. ఏ పనీ లేనప్పుడు ధ్యాసంతా నొప్పి మీదికెళ్ళి అక్కడే అతుక్కుంటుంది, తీయలేరు. పని తరుముకొస్తే ధ్యాస అటెళ్ళిపోతుంది, నొప్పి ఉన్నట్టే తెలియదు. అందుకే నటిస్తున్నారని అంటారు." ఇక్కడ నా మొహం వంక చూసింది. "ఎవరైనా అన్నారా?"

"ఎవరో అన్నారు" అన్నాను.

"డిస్కు వల్ల అసలు నొప్పి లేదని నేననను. కానీ వ్యాయామం చేసి విఫలమైన మనిషికీ, వ్యాయామమే చెయ్యని మనిషికీ తేడా ఉంది. ఆ సర్జనుకి ఆ తేడా తెలియదు. మీకు తెలుసు."

శనివారం మధ్యాహ్నం ఎండలో బడా బజార్ వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వెళ్ళాను. సంతకం నాదే, స్టాంపు నాదే, అబద్ధమూ నాదే. వెనక్కి ఇచ్చెయ్యమంటే వాళ్ళు నన్ను ఏమంటారోనన్న భయం ఒకటి, ఇవ్వం అంటే ఏం చెయ్యాలోనన్న భయం ఇంకొకటి.

దుకాణంలో ముందు నాకు కనబడింది ఆవిడ. చూసి గుర్తుపట్టలేదంటే నమ్మండి. ఎత్తయిన గద్దె, దాని మీద తెల్ల దుప్పటి, కుడి చేతి కింద గల్లాపెట్టె. దాని మీద ఆవిడ రాయిలా కూర్చుని ఉంది. నా గదిలో రెండు నిమిషాలు నిలవని మనిషి ఇక్కడ రెప్ప తప్ప ఏదీ కదపడం లేదు. భుజాలు చెవుల దాకా లాక్కుని ఉన్నాయి, దవడ బిగుసుకుని ఉంది. దుప్పటి అంచు కింద కాలి బొటనవేలు ఒక్కటే గుడ్డను గట్టిగా పట్టుకుని మెలితిప్పుతోంది.

వెనక బల్ల మీద ఆవిడ మావగారు కూర్చుని ఉన్నారు. మోకాళ్ళకు నూనె రాసిన వాసన.

"రాండి డాక్టర్ బాబు, కూకోండి. రేపే కదా ప్రయాణం," అన్నారు.

నేను వెంటనే విషయం ఎత్తలేకపోయాను. ఇరవై నిమిషాలు కూర్చుని చూశాను. ముగ్గురు గిరాకీలు ఒకేసారి వచ్చారు, ఖల్లికోట నుంచి ఒక చిల్లర వర్తకుడు, పెళ్ళి సరుకుకి ఒక ఒడియా దంపతులు. ఆవిడ మోకాళ్ళ మీద లేచింది, వెనక్కి తిరిగి పై అరలోంచి అప్పడాల కట్టలు లాగింది, ఒకరికి తూకం, ఒకరికి బేరం, ఒకరికి ఎండుమిరపకాయల సలహా, మధ్యలో ఫోను. ఒక్క పొరపాటు లేదు. భుజాలు కిందికి జారాయి, మొహం తేటపడింది. వాళ్ళు వెళ్ళిపోగానే మళ్ళీ సర్దుకుని, ఊపిరి బిగబట్టి, రాయైపోయింది. అప్పుడు చేయి నెమ్మదిగా నడుము మీదికి వెళ్ళింది.

ఆర్నెల్లలో నేను చూడనిది ఇరవై నిమిషాల్లో చూశాను.

"గద్దె మీద ఎన్నాళ్ళ నుంచి కూకుంటన్నారమ్మా?" అని అడిగాను.

"ఆరేళ్ళు బాబు. మావయ్యగారి మోకాళ్ళు పోనకాడ నుంచి."

"మధ్యలో లెగరా?"

ఆవిడ మావగారి వైపు చూసింది. ఆయనే చెప్పారు. గద్దె మీద కూర్చున్నవాళ్ళు పొద్దున్న దీపం పెట్టినప్పటి నుంచి మధ్యాహ్నం తలుపు వేసేదాకా గద్దె దిగకూడదు. మళ్ళీ సాయంత్రం అంతే. కూర్చున్నవాళ్ళు మాటిమాటికీ లేస్తుంటే లక్ష్మి కూడా లేచి వెళ్ళిపోతుందని వాళ్ళ ఇంటి నమ్మకం. ఆయన తండ్రి అలాగే కూర్చున్నాడు, ఆయన అలాగే కూర్చున్నారు. "ఈ అమ్మాయి మొదట్లో కుదురుండేది కాదు. ఇప్పుడు బాగా అలవాటయినాది. మీరు కూడా కదలొద్దని సెప్పినారంట కదా. ఆ మాటతో మరీ గట్టిగా కూకుంటంది," అన్నారు మెచ్చుకోలుగా.

ఆ మెచ్చుకోలు నాకు గుచ్చుకుంది. నాలుగు తరాల గద్దె, ఇరవై నాలుగేళ్ళ నా సర్వీసు కలిసి ఒక కదలాల్సిన మనిషిని కట్టిపడేశాం. వాళ్ళకు తెలియక. నేను అడగక. "గృహిణి" అని రాసిన ఆ గడిలో ఒక్క ప్రశ్న వేసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

"అమ్మా, నిన్న నేనిచ్చిన కాయితం నాకు తిరిగిచ్చీండి. అది అబద్ధం," అన్నాను.

"ఏటి అబద్ధం?" అన్నారు మావగారు.

"ఆర్నెల్లు యాయామం సేసినారని రాసినాను."

ఆయన కోడలి వైపు తిరిగారు. "సేయనేదా?"

ఆవిడ గల్లాపెట్టె మీద చేయి పెట్టుకుంది. "మొదటి వారం సేసినాను మావయ్యగారూ. తర్వాత మరిసిపోనాను. సేద్దామనే అనుకుంటాను. పొద్దున్న అనుకుంటాను, సాయంత్రానికి గుర్తొస్తాది. కాయితం ఎక్కడెట్టినానో తెలదు. సెప్తే మీరు నవ్వుతారని, బాబు మళ్ళీ మొదటికి పంపుతారని..." ఆగిపోయింది.

"మరి టిక్కులో?"

"ఆసుపత్రి వరండాలో ఎట్టీసినాను."

ఆ తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. ఆర్నెల్లలో మొదటిసారి ఆ కళ్ళు నిజంగా నన్ను చూశాయి. "డాక్టర్ బాబు, ఒక మాటడుగుతాను. ఆ టిక్కులు సూసి మీకు తెలవనేదా?"

తెలియలేదని చెప్పి ఉంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా.

"తెలుసమ్మా," అన్నాను.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాను ఒక్కదాన్నే దొంగననుకున్నాను బాబు. ఆపరేషనైతే మూడు నెలలు కదలకుండా పడుకోవాలంట. ఈలోగా గద్దె మా మరిదికిచ్చేస్తారంట. నాకు ఈ పనొక్కటే ఒచ్చు. ఇంకేటి సేసినా తప్పే సేస్తాను, ఇక్కడొక్కటే తప్పు సేయను. పోనీ, నా తప్పే కదా, ఏటంటే అదే అవుద్దని ఊరుకున్నాను."

మావగారు మోకాలు రుద్దుకుంటూ తాపీగా అన్నారు. "అయితే మీరిద్దరూ కలిసి అబద్ధం ఆడి, నా కోడలి నడుం కోయించేస్తన్నారన్నమాట."

"అవును సావుకారు గారూ."

"బాగున్నాది."

ఆవిడ కాగితం కోసం వెతికింది. సంచిలో లేదు, గల్లాలో లేదు, ఊరగాయ జాడీ కింద దొరికింది. నూనె మరక పడి నా సంతకం సగం చెదిరిపోయి ఉంది. నేను జేబులో పెట్టుకున్నాను.

గద్దె సంగతి ఎలా ఎత్తాలో తెలియక, "మీ నాన్నగారు కూడా ఇలాగే కూర్చునేవారా? ఆయనకి నొప్పులుండేవి కావా?" అని అడిగాను.

"మా నాయనకా?" అని నవ్వబోయి ఆగారు. "బతికున్నన్నాళ్ళూ నడుం మీద సేయేసుకునే నడిసినాడు." తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. కోడలి వైపు చూశారు. తర్వాత బల్ల పట్టుకుని లేచి, మూడడుగులు వేసి, గద్దె మీద చెయ్యి పెట్టారు. "లెగమ్మా. నిలబడ్డానికి నా మోకాళ్ళు పనికిరావు గాని కూకోడానికి బాగానే ఉన్నాయి. లక్ష్మికి ఎవరో ఒకరు కూకుంటే సాలు. నాను కూకుంటాను. గల్లా నీదే, బేరం నీదే. నువ్వు తిరుగు."

ఆవిడ దిగి నిలబడి, ఏం చెయ్యాలో తెలియనట్టు చుట్టూ చూసి, తర్వాత రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది. నేను చార్టులో గీసిన మొదటి బొమ్మ అదే.

ఆ సాయంత్రమే కొత్త నోటు రాసి సర్జనుకు పంపించాను. "వ్యాయామాలు చేయలేదు. నాకు తెలుసు. తెలిసీ సంతకం చేశాను." నా సర్వీసులో అతి చిన్న నోటు, అనుమానం లేకుండా నిజమైన నోటు కూడా అదే. సర్జను మూడు నెలలు ఆగుదామన్నాడు. మా ఎముకల డాక్టరు నన్ను పిలిచి తలుపేసి, "ఇన్నాళ్ళూ నువ్వు రాసిన నోట్లన్నీ ఇలాంటివేనా?" అన్నాడు. "ఆజ్ఞా, చాలావరకు" అన్నాను ఒడియా మర్యాదతో. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నాకు చాలా ప్రశాంతంగా గడిచాయి.

డాక్టరమ్మ మందు మొదలుపెట్టింది. నేను చార్టు మానేశాను. అప్పడాల కట్ట పై అరలో పెట్టినప్పుడల్లా చేతులు పూర్తిగా సాచాలి, ఫోను మోగినప్పుడల్లా మునివేళ్ళ మీద పదిసార్లు లేవాలి, తూకం వేసే ముందు భుజాలు వదిలెయ్యాలి. ఇంతే చెప్పాను. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, దుకాణమే గుర్తుచేస్తుంది. మూడు నెలలకు నొప్పి సగానికి వచ్చిందంది. పూర్తిగా పోలేదు, ఇప్పటికీ పోలేదు. కొన్ని రోజులు పడుకునే ఉంటుంది. ఆపరేషన్ అవసరం మాత్రం ఇంతవరకూ రాలేదు. మావగారు గద్దె మీద ఒడియా పేపరు చదువుకుంటూ కూర్చుని, ఎవరేం అడిగినా కోడలి వైపు వేలు చూపించేవారు.

ఆయా పెన్నుల దారం కోసి, నీలం పెన్ను నాకిచ్చి నలుపు తనుంచుకుంది. ఆ తర్వాత నేను పేషెంట్లను ఒకటే అడిగేవాణ్ణి, ఈ వారం నిజంగా ఏం చేశారు అని. "ఏటీ సేయనేదు బాబు" అని మొదటిసారి ఒకాయన చెప్పినప్పుడు లేచి కరచాలనం చేశాను. ఆయన భయపడ్డాడు.

ఇప్పుడు నా కుడి మోకాలు అరిగింది. మొన్నామధ్య అదే వరండాలో, అదే బెంచీ మీద నా నంబరు కోసం కూర్చున్నాను. నా సీటులో ఉన్న కుర్రాడు చార్టును మళ్ళీ తెచ్చాడు, కాకపోతే ఫోనులో. రెండు వారాల టిక్కులు ఖాళీగా ఉన్నాయి. అటూ ఇటూ చూసి, ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాను.

"ఫోనులో అలాగ కొట్టకూడదు డాక్టర్ బాబు. కొట్టిన టైము అందులో పడిపోతాది," అని పక్కనుంచి గొంతు. బడా బజార్ ఆవిడే. జుట్టు నెరిసింది. భుజం చూపించుకోడానికి వచ్చిందట, నిన్న రావాల్సింది.

నాకు చెవులు వేడెక్కాయి. "మరేటి సేయమంటారు?"

"లెగండి. ఇక్కడే సేసీండి. నాను లెక్కెడతాను."

గోడ పట్టుకుని కాలు ఎత్తడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అని ఆవిడ గట్టిగా లెక్కపెడుతోంది, వరండా అంతా చూస్తోంది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు ఎవరో తెలిసినవాళ్ళు కనబడ్డారు. పలకరించి, వాళ్ళ అమ్మాయి పెళ్ళి సంగతి కనుక్కుని, అప్పడాలెన్ని కట్టలు కావాలో రాసుకుని వెనక్కి తిరిగింది. నేను ఇంకా కాలు ఎత్తే ఉన్నాను.

"ఎంతలో ఉన్నాం బాబు? మరిసిపోనాను. మళ్ళీ మొదటి నుంచి," అంది.

నోరెత్తకుండా మొదటి నుంచి చేశాను.